జెండా పాట ఇరవై ఒకటి

ఆ రోజు పొద్దున ఇమాం పాషా వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి, కారులో కూర్చోవాలి, ఒక పాట వినాలి. అంతే. ఈ మాత్రం దానికి ఆయన పనికి సెలవు పెట్టాడు. ఒక్క పాట వినడానికి సెలవెందుకని ఎవరైనా అడిగితే, వాళ్ళకు పాషా పాటల సంగతి తెలియదన్నమాట.

పాషా వరంగల్ మిర్చి యార్డులో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే సాంబయ్య సేటు అడ్తి దుకాణంలో గుమస్తా. ముప్పై ఏళ్ళుగా పగలంతా మిరపకాయల మధ్య తుమ్మడం, సాయంత్రం ఇంటికొచ్చి పాటలు పోగుచేయడం, ఇదే ఆయన బతుకు. రేడియో ముందు టేపు రికార్డరు పెట్టి పట్టినవి, క్యాసెట్లలోవి, సీడీల్లోవి, కవ్వాలీలు, పెండ్లి పాటలు, నాట్ల పాటలు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఇరవై వేలు దాటాక లెక్కపెట్టడం మానేశాడు. ఇన్ని ఉన్నా ఒకే ఒక్క లోపం. అడిగినప్పుడు ఒక్క పాటా పలకదు. ఇంటికొచ్చిన చుట్టాలు మొహమాటానికి "ఏదన్న ఓ పాట పెట్టు బాయ్" అంటే, ఆయన ఫోల్డర్లో ఫోల్డరు తెరుస్తూ పోయేవాడు. చుట్టాలు చాయ్ తాగి, పాన్ వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాక పాట దొరికేది. అప్పుడు ఇంట్లో మిగిలేది పాషా, ఆయన భార్య వజీరా. వజీరా వినేది కాదు.

ఈమధ్య ఒక పాత కారు కొన్నాక పాషాకు కొత్త ధైర్యం వచ్చింది. కారుకు మంచి మ్యూజిక్ సెట్టు పెట్టించి, పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో పోసి అందులో గుచ్చితే, కారే తిరిగే రేడియో అవుతుందని ఆయన ఆలోచన. సెట్టు బిగించిన అజహర్ ముందే చెప్పాడు. "చాచా, దీనికి ఎక్కువ పాటలు పెట్టకుర్రి. పెడితే మొదలు అన్నిటిని చదువుకుంట కూసుంటది, పాడదు. తెలుగు పేర్లు సుత కనవడయ్, నంబర్లే కనవడ్తయ్." పాషా తల ఊపాడు. ఆయన తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదని అజహర్‌కు తెలియదు.

ఇంతలో గల్లీ చివరి సర్కారు బడి హెడ్‌మాస్టర్ సుభాషిణి మేడం వచ్చి ఒక కోరిక కోరింది. ఆమె అదే బడిలో చదువుకుంది. చిన్నప్పుడు జెండా పండుగ నాడు రేడియోలో పిల్లల పాట ఒకటి వచ్చేది. మూడు రంగుల జెండాను పిట్టగా చేసి పాడే పాట. ఇంటర్నెట్ అంతా వెతికినా దొరకలేదు. పోయినేడు వేరే పాట ఏదో ఫోన్లో పెడితే, పిల్లలు జెండాకు సెల్యూట్ చేస్తుండగా ఫోను మోకాళ్ళ నొప్పుల నూనె గురించి చెప్పడం మొదలుపెట్టింది. కార్పొరేటర్ దగ్గర్నుంచి స్వీపర్ దాకా అందరూ నవ్వారు.

"ఈ ఏడాదితో నేను రిటైర్ అవుతున్నా పాషా గారూ. పోయేలోపల ఆ పాట ఒక్కసారి మా పిల్లలకు వినిపించాలని ఉంది," అందామె.

"నా దగ్గరున్నది మేడం," అన్నాడు పాషా ఛాతీ మీద చెయ్యి వేసుకుని. "జెండా ఎగరేసినంక నా కారు మీ బడి ముందట ఆ పాట పాడ్తది. మాట ఇస్తాన్న."

యార్డులో పాషా మాటంటే కాంటా ముల్లంటారు. ఒకసారి ఇచ్చాడంటే అటూ ఇటూ ఊగదు. కానీ అది మిర్చి విషయంలో. పాట విషయంలో ఆయన మాటను ముప్పై ఏళ్ళుగా చూస్తున్న మనిషి ఇంట్లోనే ఉంది.

"చూడు హుమేరా అబ్బా," అంది వజీరా చాయ్ గ్లాసు ముందు పెడుతూ. హుమేరా వాళ్ళ కూతురు. పెండ్లయి హన్మకొండకు వెళ్ళినా వజీరా భర్తను పిలిచేది ఇంకా ఆ పేరుతోనే. "నీ ఇజ్జత్ సంగతి నాకెరుక లేదు గని, రేపు బడి ముందట ఆ పాట పలకకపోతే నీ కంప్యూటరు, డబ్బలు, వైర్లు అన్ని కబాడోనికి ఏస్త. ఒట్టు."

"పలుకుతది."

"ఒక్క పాటే ఎక్కియ్యి. రేపటికి ఒక్కటే గదా గావాలె."

"ఇరవై వేల పాటలున్నోని కార్ల ఒక్క పాట ఉంటదా? నలుగురు నవ్వుతరే!"

అయినా ఆమె పోరు పడలేక ఆ పూటకు 'జెండా' అనే ఫోల్డరొక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, పాషా కారులో కూర్చున్నాడు. గట్టి పట్టుదలతో కూర్చున్నాడు. ఇంజిన్ వేస్తే చప్పుడుకు పాటలో తేడా తెలియదని ఇంజిన్ వేయలేదు. పాట మధ్యలో ఫోను టింగుమంటే ఆయనకు ఒళ్ళు మండుతుంది కాబట్టి ఫోను నోరు కూడా మూసేశాడు.

సెట్టు తెర మీద పేర్ల చోట ఖాళీ డబ్బాలు వరసగా కనిపించాయి. పక్కన నంబర్లు. సుభాషిణి మేడం అడిగిన పాటను పాషా మూడు వేర్వేరు ఏళ్ళలో రేడియో నుంచి పట్టాడు. మూడూ ఈ ఫోల్డర్లోనే ఉన్నాయి. ఏది బాగుందో విని చెప్పాలి. అందుకని మేడం 'జెండా పండుగ' అని ఒక వాట్సాప్ గ్రూపు కూడా పెట్టి పాషాను చేర్చింది.

ఇక్కడ ఇంకో గ్రూపు సంగతి చెప్పాలి. మిర్చి యార్డులో రోజూ పొద్దున మొదటి రాశి దగ్గర జెండా పాతి వ్యాపారులు పోటీగా ధర పాడతారు. ఆ పాటలో పలికిన ధరను జెండా పాట అంటారు. ఆ రోజు రైతులందరి కళ్ళూ దాని మీదే. వర్ధన్నపేట చుట్టుపక్కల రైతుల కోసం పాషా 'జెండా పాట' అని గ్రూపు పెట్టి, రోజూ ఆ ధరను తన గొంతుతోనే చెప్పి పంపేవాడు. చదువు రానివాళ్ళు కూడా వింటారని. కళ్ళజోడు వెతుక్కునే పని లేకుండా ఆయన ఫోన్లో అక్షరాలు బాగా పెద్దవి చేసుకున్నాడు. దాంతో 'జెండా పండుగ' కూడా 'జెండా ప...' అనే కనిపిస్తుంది. 'జెండా పాట' కూడా 'జెండా ప...' అనే కనిపిస్తుంది. రెండింటికీ బొమ్మ జెండాయే.

ఏడో నంబరు పాట మొదలైంది. గొంతులో కంకర పోసుకున్నట్టుంది. పాషా ఫోను తీసి, పైన కనిపించిన 'జెండా ప...' నొక్కి చెప్పాడు. "జెండా పాట ఏడు. గరగరమంటాంది. పనికొచ్చే సరుకు గాదు." ముప్పై ఏళ్ళ అలవాటు. ఆయనకు పాటైనా, పిల్లయినా, పిల్లనిచ్చే సంబంధమైనా సరుకే.

పద్నాలుగో నంబరు బాగానే మొదలై సగంలో ఆగి, వార్తలు మొదలయ్యాయి. "జెండా పాట పద్నాలుగు. మధ్యల తెగింది. ఇంకా చూస్తాన్న."

ఇరవై ఒకటి నొక్కాడు. పిల్లల గొంతులు తేటగా, మొన్ననే పాడినట్టు వినిపించాయి. పాషాకు నిజంగానే కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత మంచి పాట తన దగ్గరుందని తనకే తెలియదు. ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని దాదాపు అరిచాడు. "అల్లా మెహర్బాన్! జెండా పాట ఇరవై ఒకటి పలికింది! సరుకు ఒక్క నంబర్, మచ్చ లేదు! ఇగ ఇదే ఫైనల్, ఇంకోదాని కోసం ఎదురు సూడకుర్రి!"

పని అయిపోయింది. ఇంట్లోకి వెళ్ళాల్సిన మనిషి. కానీ ఇరవై ఒకటి విన్నాక ఇరవై రెండు వినకుండా ఉండటం పాషా వల్ల కాలేదు.

వర్ధన్నపేట అవతల పోశయ్య కల్లంలో అప్పటికి గొడవ మొదలైంది. పోశయ్య తేజ మిర్చి బస్తాలకెత్తి, మంచి ధర కోసం కాచుకుని ఉన్నాడు. తొందరపడే మనిషి కాదు. మొదటి మాట విని, "ఏడు తాలుకాయకు అయి ఉంటది. పనికొచ్చే సరుకు గాదన్నడు గదా," అని తేల్చాడు. రెండో మాట విని, "పద్నాలుగు మధ్య రకానికి తెగింది," అన్నాడు. యార్డులో బేరం కుదిరితే తెగిందనే అంటారు కాబట్టి అందులో అనుమానమేమీ లేదు. మూడో మాట విన్నాక మాత్రం పోశయ్య కూర్చున్నచోట కూర్చోలేదు.

"ఇరవై ఒకటి వేలు! క్వింటాల్‌కు! ఓ లక్ష్మీనర్సమ్మా, ఇన్నవా?"

లక్ష్మీనర్సమ్మ పక్క చేను ఆవిడ. మిర్చి ఏరేటప్పుడు కూలీల ముందు నడుస్తూ పాట ఎత్తేది ఆమే. ఆమె గొంతుకూ ఆమె నోటికీ ఊళ్ళో సమానంగా పేరుంది. "ఇన్న. నిన్న పదమూడున్నది ఇయ్యాల ఇరవై ఒకటెట్ల అయితదే? వాళ్ళకు గాలి గిట్ల సోకిందా?"

"చెప్పింది ఎవరు? పాషా బాయ్! ఎన్నడన్న అబద్ధం చెప్పిండా? ఎదురు సూడకుర్రి అన్నడు. ఇగ నీ ఇష్టం."

అంతే. ట్రాక్టర్లు కదిలాయి. ముందు పోశయ్యది, వెనక లక్ష్మీనర్సమ్మ బస్తాలది, ఆ వెనక ఇంకొకటి. తొవ్వలో ఎదురైనవాళ్ళంతా ఎందుకని అడగటం, వీళ్ళు చెప్పడం. ధర నోటినోటికి పెరగకుండా ఉన్నదంటే అది కేవలం పాషా మీది నమ్మకం వల్లనే.

యార్డుకు చేరేసరికి పాట ఎప్పుడో అయిపోయింది. సాంబయ్య సేటు గద్దె మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకుని తింటున్నాడు. పోశయ్య ఇరవై ఒకటి అనగానే ఆయన చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇరవై ఒకటా? పదమూడయ్యా పలికింది! ఎవలు చెప్పిండ్రు?"

"మీ పాషానే."

"పాషా ఇయ్యాల సెలవు గదా! ఫోన్ చేస్తాన్న, ఎత్తుతలేడు." సేటు ముద్ద నోట్లో పెట్టుకుని నింపాదిగా అన్నాడు. "ఇప్పుడు పాట అయిపోయింది. రేపు జనవరి ఇరవై ఆరు, జెండా పండుగ, యార్డు బంద్. ఎల్లుండి రాండ్రి. ఇగ అసలు ముచ్చట గావాలంటే పాషా ఇంటికి పోండ్రి."

వాళ్ళు వచ్చారు. ట్రాక్టర్లతో, ట్రాలీలతో, మిర్చి బస్తాలతో సహా కరీమాబాద్‌లోని ఆ ఇరుకు గల్లీలోకి వచ్చారు. ముందు కుక్కలు తుమ్మాయి. తర్వాత కిరాణా దుకాణం ఆయన తుమ్మాడు. ఆ తర్వాత ఇంటింటికీ కిటికీలు మూసుకోవడం మొదలైంది. వజీరా చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికొచ్చేసరికి గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా మిర్చే. మధ్యలో కారు. కారులో సీటు వెనక్కి వాల్చుకుని పాషా హాయిగా నిద్రపోతున్నాడు. సెట్టు ఎప్పుడు ఆగిందో ఆయనకు తెలియదు.

పోశయ్య కారు అద్దం మీద కొట్టాడు. "పాషా బాయ్! ఏదయ్యా నీ ఇరవై ఒకటి?"

పాషా కళ్ళు తెరిచి, ఇంతమందిని చూసి, ముఖం చాటంత చేసుకున్నాడు. "వచ్చిండ్రా! దాని కోసమే వచ్చిండ్రా? ఇంత దూరంకెళ్ళి?"

"దాని కోసమే. నువ్వే గదా ఎదురు సూడొద్దన్నవ్."

"పొద్దుగాల సంది నాలుగుసార్లు పలికింది పోశన్నా! ఏం పలుకుడు! గంట కొట్టినట్టు!"

"యాడ పలికింది?"

"ఈడనే. ఈ కార్లనే."

పోశయ్య లక్ష్మీనర్సమ్మ వైపు చూశాడు. ఆమె చెంగుతో ముక్కు తుడుచుకుని, "యార్డు ఇడిసిపెట్టి ఇప్పుడు కార్లల్ల మిర్చి కొంటాండ్రా?" అంది.

"మిర్చేంది?" అన్నాడు పాషా. అప్పుడు గట్టిగా తుమ్ము వచ్చింది. తుమ్ముతో పాటు కొంచెం తెలివి కూడా వచ్చింది. పోశయ్య ఫోను తీసి మూడు మాటలూ వరసగా వినిపించాడు. పాషా తన గొంతు తాను విన్నాడు. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి. పనికిరాని సరుకు, మధ్యల తెగింది, ఒక్క నంబర్. ఆ మాటలను మిర్చి కాకుండా ఇంకో రకంగా అర్థం చేసుకోవడం ఆయన వల్ల కూడా కాలేదు.

"పోశన్నా, అది పాట గాదే! పాట!"

"ఏందీ?"

"జెండా పాట గాదు, జెండా పాట! పాడే పాట! రేపు బడి కాడ పాడేది! ఇరవై ఒకటంటే పాట నంబరు!"

గల్లీలో ఒక్క క్షణం ఎవరూ తుమ్మలేదు. తర్వాత పోశయ్య మెల్లగా అన్నాడు. "బాయ్, అబద్ధమాడినా అతికినట్టుండాలె. నీ మాట మీద కల్లం ఖాళీ చేసుకొని బండ్లు కట్టుకొచ్చినం. నిన్న దాక నీ మాట కాంటా ముల్లనుకున్నం. కాంటాల్నే రాయి పెడితివా?"

ఆ మాట పాషాకు గుండెలో గుచ్చుకుంది. ముప్పై ఏళ్ళలో ఆయనను ఎవరూ అంత మాట అనలేదు. అన్ని మాటలూ అనే వజీరా కూడా అనలేదు. "ఇనిపిస్త! ఇప్పుడే ఇనిపిస్త! ఇని మీరే చెప్పుర్రి!" అంటూ కారులోకి దూరి సెట్టు నొక్కాడు. నల్లగా ఉంది. మళ్ళీ నొక్కాడు. తాళం తిప్పాడు. కారు ఒక్కసారి కిచకిచమని ఊరుకుంది. పొద్దుటి నుంచి ఇంజిన్ వేయకుండా పాటలు వింటే బ్యాటరీ మాత్రం ఏం చేస్తుంది?

"పలకదు," అంది వజీరా, ముప్పై ఏళ్ళ అనుభవంతో.

"పలుకుతది!" పాషా అరుస్తూ కారు దిగాడు. చొక్కా చేతులు మడిచాడు. "పోశన్నా, నీ ట్రాక్టర్ బ్యాటరీ ఇయ్యి. పలకకపోతే ఈ కారును మీరే గుంజుకపోండ్రి."

ట్రాక్టర్ బ్యాటరీ నుంచి కారుకు రెండు వైర్లు వచ్చాయి. సెట్టు వెలిగింది. ఇక గల్లీలో విచారణ మొదలైంది. పోశయ్య న్యాయం తప్పని మనిషి. ఇరవై ఒకటి ఒక్కటి వింటే సరిపోదు, చెప్పిన వరసలోనే వినాలన్నాడు. ఏడు మోగింది. "తాలే," అంది లక్ష్మీనర్సమ్మ. "నిజమే చెప్పిండు." పద్నాలుగు మోగి, మధ్యలో తెగి, వార్తలొచ్చాయి. అందరూ తలలూపారు. ఇరవై ఒకటి మొదలైంది.

"ఎగరవే ఎగరవే మూడు రంగుల పిట్టా, మా చేను మీదుగా, మా వాడ మీదుగా..."

పాట అయిపోయేదాకా ఎవరూ కదల్లేదు. మూసిన కిటికీల్లో రెండు మూడు మళ్ళీ తెరుచుకున్నాయి. లక్ష్మీనర్సమ్మ గొంతు సవరించుకుని, "ఇంకోపారి ఎయ్యి," అంది. పాషా ఇంకోసారి వేశాడు. "ఇంకోపారి," అన్నాడు పోశయ్య. పాషా ఉత్సాహంగా ఏదో మీట నొక్కాడు. అప్పటి నుంచి సెట్టు ఆ ఒక్క పాటనే తిప్పి తిప్పి పాడింది. దాన్ని ఆపే ఉపాయం పాషాకు తెలియలేదు, ఆపాలని ఆయనకు అంతగా లేదు కూడా. వజీరా పెద్ద గిన్నెలో కిచిడీ, దాంట్లోకి పుల్లటి ఖట్టా చేసి అందరికీ గల్లీలోనే వడ్డించింది. తింటూ విన్నారు, తుమ్ముతూ విన్నారు. లక్ష్మీనర్సమ్మ పళ్ళెం కడుక్కుంటూ కూనిరాగం తీసింది.

"పాట మంచిదే బాయ్," అన్నాడు పోశయ్య చివరికి. "నీ తప్పు లేదు. ఉన్నదల్ల ఆ ఫోన్లనే. గని మా సరుకు సంగతేంది?"

"ఎల్లుండి పొద్దుగాల గేటు తెరిచేటాల్లకు మీ బండ్లే ముందుంటయ్. నేనే నిలబడ్త. మాట."

మాట అన్నాక పోశయ్య ఇంకేమీ అడగలేదు. నమ్మకం మళ్ళీ కాంటా ఎక్కింది. అక్కడితో పాషా చేతులు కడుక్కుని పడుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

కానీ ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. బండ్లతో ఎల్లుండి దాకా గల్లీలోనే మకాం కాబట్టి రేపు బడి దగ్గర రైతులు కూడా ఉంటారు. జెండా పాట అయ్యాక ఒక నాట్ల పాట అడిగితే? ఎవరైనా కవ్వాలీ అడిగితే? అడిగినప్పుడు లేదనడం ఎంత నామోషీ! ఆయన పెద్ద పెన్‌డ్రైవ్ తీసి, నంబర్లు మారకుండా 'జెండా' ఫోల్డరు మొదట వేసి, ఇరవై వేల చిల్లర పాటలూ అందులో పోశాడు.

"పలికే పాటను కదిలియ్యకు హుమేరా అబ్బా," అంది వజీరా.

"నీకు తెల్వదు, ఊకో," అన్నాడు పాషా.

మర్నాడు పొద్దున పోశయ్య ట్రాక్టరు, దాని వెనక మిర్చి ట్రాలీ, ట్రాలీకి మోకుతో కట్టిన పాషా కారు ఊరేగింపుగా బడికి వచ్చాయి. బస్తాల మీద లక్ష్మీనర్సమ్మ, మిగతా రైతులు. కారు స్టీరింగ్ వెనక పాషా, ఇస్త్రీ చొక్కాలో. పక్కన వజీరా. ఆమె వచ్చింది పాట వినడానికి కాదు, ఒట్టు సంగతి తేల్చుకోవడానికి. ట్రాక్టర్ బ్యాటరీ వైర్లు మళ్ళీ కారుకు తగిలించారు.

జెండా ఎగిరింది. పూలు రాలాయి. పిల్లలు జనగణమన పాడారు. సుభాషిణి మేడం మైకు లేకుండానే గట్టిగా చెప్పింది. "ఇప్పుడు మీరు ఎన్నడూ వినని పాట ఒకటి వింటారు. నేను మీ అంత ఉన్నప్పుడు విన్నాను." అని కారు వైపు చూసింది. బడి మొత్తం కారు వైపు తిరిగింది.

పాషా బిస్మిల్లా అనుకుని ఇరవై ఒకటి నొక్కాడు. తెర మీద 'రీడింగ్' అని వచ్చింది. అందరూ ఎదురుచూశారు. 'రీడింగ్'. పిల్లలు ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నారు. 'రీడింగ్'. సెట్టు ఇరవై వేల పాటల పేర్లూ ఒక్కొక్కటే చదువుకుంటోంది. అజహర్ చెప్పిన మాట పాషాకు ఇప్పుడు గుర్తొచ్చింది. మేడం ముఖంలో నవ్వు మెల్లగా తగ్గుతోంది. ఆమెకు మోకాళ్ళ నొప్పుల నూనె గుర్తొస్తోందని పాషాకు అర్థమైంది. పాట ఫోన్లో ఎక్కడైనా ఉందేమోనని తెరిచి, పైన కనిపించిందేదో నొక్కాడు.

సెట్టు బిగించిన నాడే అజహర్ ఫోనును దానికి బ్లూటూత్‌తో కలిపిపెట్టిన సంగతి ఆయనకు గుర్తులేదు. కారులోని నాలుగు స్పీకర్లూ ఒక్కసారే గర్జించాయి. "అల్లా మెహర్బాన్! జెండా పాట ఇరవై ఒకటి పలికింది! సరుకు ఒక్క నంబర్, మచ్చ లేదు!"

బడి గొల్లున నవ్వింది. పాషా తల స్టీరింగ్ మీద ఆనించేశాడు. ముప్పై ఏళ్ళుగా పోగుచేసిన పాటల్లో ఆమె అడిగింది ఒక్క పాట. అదీ పలకలేదు. తలెత్తి మేడం ముఖం చూడటం ఆయన వల్ల కాలేదు.

అప్పుడు ట్రాలీ మీద నుంచి గొంతు లేచింది. మిర్చి ఘాటుకు కొంచెం బొంగురుపోయినా ఖంగుమనే గొంతు. "ఎగరవే ఎగరవే మూడు రంగుల పిట్టా..." లక్ష్మీనర్సమ్మ బస్తాల మీద లేచి నిలబడి పాడుతోంది. నిన్న సాయంత్రమంతా తిప్పి తిప్పి విన్న పాట, ఒక్క మాటా తప్పలేదు. పోశయ్య అందుకున్నాడు. చేలో ఆమె వెనక పాడటం అలవాటైన రైతులందరూ అందుకున్నారు. "మా చేను మీదుగా, మా వాడ మీదుగా..." రెండో చరణానికి ముందు వరస పిల్లలు కలిశారు, మూడో చరణానికి బడి మొత్తం. సుభాషిణి మేడం పాడుతూ పాడుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అక్కడ అందరూ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు కాబట్టి ఎవరిది మిర్చో, ఎవరిది కాదో ఎవరూ అడగలేదు.

పాట అయ్యాక ఆమె కారు దగ్గరికి వచ్చింది. "పాషా గారూ, మీ కారు చాలా బాగా పాడింది," అంది. పాషా చేతులు జోడించాడు.

మిఠాయిలు పంచారు. పిల్లలు వెళ్ళిపోయారు. రైతులు చాయ్ కోసం గల్లీ మొదటికి నడిచారు. బడి ముందు పాషా, వజీరా ఇద్దరే మిగిలారు. అప్పుడు సెట్టు చదవడం ముగించింది. ఇరవై ఒకటో పాట తేటగా, మచ్చ లేకుండా మొదలైంది. పాషా ఆపబోతే వజీరా ఆయన చెయ్యి పట్టుకుంది. చివరిదాకా వింది.

"మరి కంప్యూటరు?" అని పాషా భయంగా అడిగాడు.

"పాట పలికితే చాలన్న. ఎవలు పలికియ్యాలెనో నా ఒట్టుల లేదు," అంది వజీరా.

ఆ మర్నాడు గేటు తెరిచేసరికి పోశయ్య బండే ముందుంది. మొదటి రాశి వాళ్ళదే, జెండా దాని దగ్గరే పాతారు. ఇరవై ఒకటి కాలేదు గానీ, పదిహేను పలికింది. ఈ నెలలో అదే ఎక్కువ. పోశయ్య పాషాను భుజాల దాకా ఎత్తి దించాడు. పాషా గర్వంగా ఫోను తీశాడు. ఇంకోసారి పొరపాటు జరగకుండా ఆయన రాత్రే గట్టి ఏర్పాటు చేసుకున్నాడు. రైతుల గ్రూపు పేరును 'జెండా పాట మిర్చి' అని మార్చాడు. పెద్ద అక్షరాల్లో అది 'జెండా ప...' అని కనిపించింది. పైనున్నది నొక్కి, "జెండా పాట పదిహేను! ఖాయం!" అని పంపించాడు.

నిమిషంలో సుభాషిణి మేడం జవాబు వచ్చింది. "ఎంత సంతోషం పాషా గారూ! నేను రిటైరైనా తప్పకుండా వస్తాను. ఆగస్టు పదిహేనుకు కూడా పాట మీదే అని పిల్లలకు ఇప్పుడే చెప్పేశాను."

సాయంత్రం ఆ జవాబును రెండుసార్లు చదివించుకుని విని, వజీరా లేచి పెన్‌డ్రైవ్ తెచ్చి భర్త చేతిలో పెట్టింది.

"ఇయ్యాల్నే పొయ్యి కార్ల పెట్టు. ఆగస్టు దాక చదువుకుంటది."